ఎదురింటి వంటింటి తెర

“—నా స్థలంలో నేను వేసుకుంటున్నాను. మీ నెత్తిమీద వెయ్యడం లేదు కదా.”

“నెత్తిమీద వేస్తున్నారని నేనన్నానా? ఇంటి ముందు దడి నడుమెత్తు దాటకూడదని రూలుంది. అది గుర్తు చేశానంతే.”

“ఆ రూలు రాసిన రోజు నేనూ ఉన్నాను. ఈ గాలికి చిక్కుడు తీగ ఒక్కటి నిలబడటం లేదు. అందుకు వేస్తున్నాను.”

“అక్టోబరులో చిక్కుడు తీగ ఎక్కడుంది డెస్మండ్?”

“వచ్చే ఏడాదికి. నా చిక్కుళ్ళ సంగతి నాకు వదిలెయ్యండి, మిసెస్ థర్లో.”

చెత్త డబ్బాను గేటు బయటికి లాక్కొస్తూ ఇదంతా విన్నాను. చక్రాలు కావాలనే గట్టిగా చప్పుడు చేశాను. మా శాంఫైర్ లేన్‌లో ఇద్దరు మాటకు మాట అనుకుంటుంటే మిగతావాళ్ళం చేసేది అదే. మేమిక్కడ ఉన్నామని ఏదో ఒక చప్పుడుతో తెలియజేస్తాం. వాళ్ళు వెంటనే వాతావరణం గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఆ రోజు అలా జరగలేదు. డెస్మండ్ కెరిడ్జ్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఏవ్రిల్ థర్లో రోడ్డు మధ్యలో కాసేపు నిలబడి, నా వైపు చూసి, “రేపు వానట,” అంది.

ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఆవిణ్ణి ఏవ్రిల్ అనే పిలిచాడు. మిసెస్ థర్లో అనగా వినడం నాకు అదే మొదలు.

మా సందు పెద్దదేం కాదు. రెండు వరసల ఒంటి అంతస్తు ఇళ్ళు, మధ్యలో తారు ఎరగని గులకరాళ్ళ రోడ్డు. ఆ రోడ్డు ఊరిది కాదు, మాది. గుంతలు పడితే మేమే పూడ్చుకోవాలి. ఏవ్రిల్ వాళ్ళ వరసకు వెనక సముద్రపు కట్ట. డెస్మండ్ వాళ్ళ వరసకు వెనక బీడు, బీడు దాటితే ముసలివాళ్ళ కేర్‌హోమ్. కట్టించినవాడు రెండు వరసలకీ ఒకటే నక్షా వాడి, ఒక వరసను అద్దంలో బొమ్మలా తిప్పేశాడు. అందుకే వంటిళ్ళన్నీ ఎదురెదురుగా ఉంటాయి. గిన్నెలు తోముతూ తలెత్తితే కనపడేది ఎదురింటివాళ్ళ వంటింటి కిటికీ.

చాలా ఏళ్ళ కిందట చివరింట్లో గూచ్ అనే ముసలాయన స్నానాలగదిలో పడి చనిపోయాడు. సంగతి బయటపడేసరికి గుమ్మంలో పాలసీసాలు పోగుపడి ఉన్నాయి. ఆ సీసాలు మేమంతా చూశాం. ఎక్కడికైనా వెళ్ళాడేమో అనుకున్నాం. ఇంట్లోనే ఉంటే మటుకు వెళ్ళి ఇబ్బంది పెట్టడమెందుకు అనుకున్నాం. ఆ తర్వాత డెస్మండ్ భార్య మ్యూరియల్ ఇల్లిల్లూ తిరిగి, ఎదురెదురు ఇళ్ళను జతలు చేసింది. పొద్దున్న ఎనిమిది గంటల వార్తలు మొదలయ్యేలోపు వంటింటి కిటికీ తెర పైకెత్తాలి. ఎత్తకపోతే ఎదురింటివాళ్ళు ఫోన్ చెయ్యాలి. ఫోన్ తియ్యకపోతే వెళ్ళి తలుపు తట్టాలి. చెప్పకుండా వెళ్ళి తలుపు తట్టడం మాకు చాలా కష్టమైన పని కనుక దాన్ని ఆఖరున పెట్టింది. చెయ్యి ఊపనక్కరలేదు, నవ్వనక్కరలేదు. పలకరించకుండానే పలకరించుకునే ఆ పద్ధతి మాకు సరిగ్గా సరిపోయింది.

తర్వాత ఒక్కొక్కళ్ళే పోయారు. పిల్లలు ఇళ్ళు అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు వేసవిలో మాత్రమే వస్తారు. నా ఎదురిల్లు ఈస్టర్‌కి తెరుచుకుని సెప్టెంబరులో మూతపడుతుంది. మ్యూరియల్ కట్టిన జతల్లో ఆ శరత్కాలానికి మిగిలింది ఒక్కటే, ఆవిడ ఇల్లూ ఎదురుగా ఏవ్రిల్ ఇల్లూ. మ్యూరియల్ కూడా లేదు. ఆవిడ పోయాక ఆవిడ వంటింటి తెర డెస్మండ్ ఎత్తుతున్నాడు.

ఏవ్రిల్ రామ్‌ఫర్డ్ అనే ఊరి పిల్ల. భర్త లెన్ బస్సు నడిపేవాడు. ఇద్దరూ సముద్రం పక్కన ఉండాలని కూడబెట్టుకుని ఇక్కడ ఇల్లు కొన్నారు. రెండో చలికాలంలో లెన్ గుండె ఆగిపోయింది. పిల్లలు లేరు. వెనక్కి వెళ్ళమని అందరూ చెప్పారు. వెళ్ళడానికి అక్కడ ఎవరున్నారని ఆవిడ అడిగితే ఎవరూ పేరు చెప్పలేకపోయారు. ఊళ్ళో పెద్ద హోటల్ బట్టల గదిలో పనికి చేరి, హోటల్ మూతపడేదాకా చేసింది. ఇప్పుడు వేసవి అద్దె ఇళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసిస్తుంది. శనివారాలు ఒక కుటుంబం వెళ్ళి ఇంకో కుటుంబం దిగుతుంది. వాళ్ళ దుప్పట్లు ఆవిడ తాడు మీద ఎగురుతుంటాయి. ఎవరింట్లో పిల్లలకు పక్క తడిపే అలవాటుందో, ఎవరు మంచం మీదే టీ తాగుతారో ఆవిడకు తెలుసు. వాళ్ళ ముఖాలు మాత్రం తెలియవు. అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా దుప్పట్లు రావు. అప్పుడు తన బట్టలే ఇస్త్రీ చేసుకుంటుంది, గిన్నెలు తుడిచే గుడ్డలతో సహా.

ఆ నెలల్లో ఆవిడ రోజు ఎలా గడిచేదో ఆవిడే నాకు చెప్పింది, ఇదంతా అయిపోయిన చాలా రోజులకి. పొద్దున్నే లేచి, స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, కెటిల్ నింపుకుని తన తెర ఎత్తి నిలబడుతుంది. ఎదురుగా డెస్మండ్ తెర లేచేదాకా కెటిల్ స్విచ్ వెయ్యదు. ఆ తెర లేవగానే వేస్తుంది. అక్కడ ఆయన కూడా వేసే ఉంటాడని అనుకుంటుంది. రేడియోలో వార్తలు మొదలవుతాయి. ఆయనా అవే వింటుంటాడు. ఆవిడ టీ పోసుకుని కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా తాగుతుంది. పొద్దుటి వెలుగు ఎదురు అద్దం మీద పడి లోపల ఏమీ కనపడేది కాదు. కనపడకపోయినా ఫరవాలేదనుకునేది. రోజులో ఒకళ్ళతో కలిసి చేసే పని అదొక్కటే. అది అయ్యాక రోజు మిగతాది ఎలాగో నడిచిపోయేదట.

ఇప్పుడు డెస్మండ్ మనిషెత్తు చెక్క దడి వేస్తానంటున్నాడు.

సందు సంఘం శరత్కాలపు మీటింగు బెరిల్ లార్టర్ గారి అద్దాల ఎండగదిలో జరిగింది. ఆవిడే అధ్యక్షురాలు. ఆవిడ ఇంట్లో మీటింగంటే మంచి బిస్కెట్లు పక్కనే పెట్టి, మామూలు బిస్కెట్లు ముందు తిప్పుతుంది. గుంతల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎప్పటిలాగే గుంతలు ఉంటే కార్లు నెమ్మదిగా వస్తాయని ఒకాయన అన్నాడు. తర్వాత డెస్మండ్ లేచి, తన దడి సంగతి చెప్పాడు. గాలి అన్నాడు, చిక్కుళ్ళన్నాడు, వేసవిలో వచ్చేవాళ్ళు కారు ఆపి వంటింట్లోకి తొంగిచూస్తారన్నాడు. ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు లేదు. బెరిల్ ‘సరే’ అని రాసుకోబోతోంది.

అప్పుడు ఏవ్రిల్ లేచింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మీటింగులకు వస్తోంది, లేచి నిలబడటం మేమెవరమూ చూడలేదు. మెడ దగ్గర ఎర్రగా కందిపోయింది.

“రూలు ఒకళ్ళకి ఒకలా, ఇంకొకళ్ళకి ఇంకోలా ఉండదు కదా,” అంది. “నడుమెత్తు అని ఉంది. నాకూ గాలి కొడుతుంది. నేను వేసుకున్నానా?”

“మీ ముందు ఏముంది గాలికి పడిపోవడానికి?” అన్నాడు డెస్మండ్. “రెండు పింగాణీ బాతులు.”

కొందరు నవ్వారు. ఏవ్రిల్ నవ్వలేదు. రూలు ఎందుకు పెట్టారో, అప్పుడు ఎవరు ఏమన్నారో, సందు విశాలంగా కనపడాలని మ్యూరియల్ స్వయంగా ఏమందో పూసగుచ్చినట్టు చెప్పింది. మ్యూరియల్ పేరు రాగానే డెస్మండ్ కూర్చుండిపోయాడు. బెరిల్ చేతులెత్తమంది. రూలుకు వ్యతిరేకంగా చెయ్యెత్తడం మావాళ్ళకు చేతకాదు. దడి వద్దని తేలింది. ఏవ్రిల్‌కి మంచి బిస్కెట్ల పళ్ళెం వచ్చింది. ఆవిడ తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటల వార్తలు మొదలయ్యాయి, అయిపోయాయి. డెస్మండ్ తెర లేవలేదు.

ఏవ్రిల్ కెటిల్ ముందే నిలబడింది. కోపం మీద ఎత్తలేదనుకుంది. కోపానికి కూడా ఎనిమిదింటిదాకానే గడువు అనుకుంది. ఫోన్ చేసింది. రోడ్డవతల మోగడం ఈవిడకు వినపడుతోంది. ఎవరూ తియ్యలేదు. మళ్ళీ చేసింది. నిన్న అందరి ముందూ ఓడించిన మనిషి ఇంటికి ఇవాళ వెళ్ళి తలుపు తట్టడం ఎలాగో ఆవిడకు తోచలేదు. వెళ్ళి తడితే, ఆయన బాగానే ఉంటే, ఏమని చెప్పాలి? కోటు వేసుకుంది, విప్పింది. గూచ్ గుమ్మంలో పాలసీసాలు గుర్తొచ్చాయి. అప్పుడు వాటిని లెక్కపెట్టినవాళ్ళలో తనూ ఉంది. మళ్ళీ కోటు వేసుకుని రోడ్డు దాటింది.

ముందు తలుపు తట్టింది. పలకలేదు. పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. మా దగ్గర వెనక తలుపు ఇంట్లోవాళ్ళకే. మ్యూరియల్ ఉన్నన్నాళ్ళూ కూడా ఏవ్రిల్ అటు వెళ్ళలేదు. గడియ లేదు. తోసింది.

డెస్మండ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పైజమా మీద కోటు. దీపం వేసుకోలేదు.

“బతికే ఉన్నాను,” అన్నాడు తల తిప్పకుండానే. “చూశారుగా. ఇక వెళ్ళొచ్చు.”

“ఫోన్ ఎందుకు తియ్యలేదు?”

“మీరే అని తెలుసు కనక.”

ఏవ్రిల్ గుమ్మం మీదే నిలబడింది. రమ్మని ఆయన అనలేదు. ఆవిడ వెళ్ళిపోనూ లేదు.

“దడి గురించైతే—” అంది.

“దడి గురించి కాదు.” ఆయన బల్ల మీద రొట్టెముక్కల పొడిని వేలితో ఒక వరసగా తోస్తున్నాడు. “మ్యూరియల్ పోయిన దగ్గర్నుంచీ నాకు పొద్దున లేవాలని లేదు. కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా లేవాలని ఉండదు. అయినా ఎనిమిదికి ముందే మోగేలా అలారం పెట్టుకుంటాను. ఎందుకు? మీరక్కడ నిలబడి ఉంటారు. అందుకని. వచ్చి ఈ తెర ఎత్తుతాను. వెళ్ళి మళ్ళీ పడుకుంటాను.”

“మళ్ళీ పడుకుంటారా?”

“మరేం చేస్తాను?”

“రోజూనా?”

“రోజూనే. ఎండాకాలం, చలికాలం.”

ఏవ్రిల్ పొయ్యి వైపు చూసింది. ఆయన కెటిల్ పొయ్యి మీద పెట్టే పాతకాలపుది. దానిమీద దుమ్ము లేదు గానీ, కింద మంటా లేదు, ఆ వేళ అది చల్లగా ఉంది. రోజూ ఆ వేళకి అది చల్లగానే ఉంటుందన్నమాట.

“చెప్పొచ్చు కదా,” అంది. “వద్దని చెబితే నేనేం అనుకుంటాను?”

“ఎలా చెప్పను? అది మ్యూరియల్ చెయ్యమన్న పని. ఆస్పత్రిలో కూడా అదే చెప్పింది, ఏవ్రిల్‌కి తెర ఎత్తడం మానొద్దని. నేనంతట నేను మానితే మాట తప్పినట్టు. మధ్యలో దడి ఉందనుకోండి, ఎత్తినా కనపడదు. నేను మానినట్టు కాదు.” రొట్టెపొడిని చేత్తో ఊడ్చేసి, “చిక్కుళ్ళు నాకు పడవు కూడా. కడుపు ఉబ్బుతుంది,” అన్నాడు.

ఇంకొకప్పుడైతే ఇద్దరూ నవ్వేవాళ్ళే.

“మీకెందుకు దడి మీద అంత పట్టుదల?” అని అడిగాడు ఆయన. ఇప్పుడు ఆవిడ వైపు తిరిగాడు. “మీ సముద్రం మీ వెనక ఉంది. నా ఇంట్లో చూడ్డానికేముంది?”

అడగవలసిన మాట అదొక్కటే. ఆయన మంచిగానే అడిగాడు. చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది కూడా. నేను టీ తాగడానికి మీ కోసం ఆగుతాను అని ఒక మగమనిషితో, అదీ పైజమాలో ఉన్న మనిషితో, ఎలా అనాలో ఆవిడకు తెలియలేదు.

“రూలు రూలే కదా అని,” అంది.

ఇంటికి వచ్చి కెటిల్‌లో నీళ్ళు పారబోసింది. ఆ మధ్యాహ్నమే బెరిల్ దగ్గరికి వెళ్ళి, దడికి తన అభ్యంతరం లేదని చెప్పింది. బెరిల్‌కి కోపం వచ్చింది. నిన్ననే కదా మా అందరికీ రూళ్ళు నేర్పారు, ఇవాళ ఏమొచ్చింది అని నిలదీసింది. తను సరిగ్గా ఆలోచించలేదనీ, గాలి నిజంగానే ఎక్కువగా ఉందనీ ఏవ్రిల్ అంది. ఎదురింటివాళ్ళే ఒప్పుకుంటే మిగతావాళ్ళకేం నష్టమని బెరిల్ ఫోన్లోనే అందరినీ అడిగి తేల్చేసింది. వారం తిరక్కుండా ఇద్దరు మనుషులు వ్యానులో వచ్చి గుంజలు పాతారు. కొత్త చెక్క వాసన సందంతా నిండింది. దడి బాగుందని డెస్మండ్‌తో అందరం అన్నాం. ఏవ్రిల్ కూడా అంది.

డెస్మండ్ ఆ తర్వాత ఎప్పుడైనా మధ్యాహ్నం దాటాక రొట్టె కొనుక్కోవడానికి బయటికి వచ్చేవాడు. నిద్ర సరిపోయిన ముఖం. ఆవిడ ఎదురైతే ‘ఏవ్రిల్’ అనే పిలిచేవాడు. గొడవ సద్దుమణిగిందని మేం సంతోషించాం.

దడి పడ్డ మర్నాడు ఏవ్రిల్ మామూలు వేళకే తెర ఎత్తింది. ఎదురుగా పచ్చి చెక్కలు. వాటి కణుపులు కొన్ని కళ్ళలా ఉన్నాయి. కెటిల్ స్విచ్ ఎప్పుడు వెయ్యాలో తెలియక రేడియోలో వార్తలు అయ్యేదాకా ఆగింది. ఆ మరుసటి రోజు తెర ఎత్తకుండా చూసింది, ఏమవుతుందోనని. ఏమీ కాలేదు. ఫోన్ మోగలేదు. మధ్యాహ్నం దాకా అలాగే ఉంచింది. సాయంత్రం దాకా ఉంచింది. చీకటి పడ్డాక, ఎత్తినా ఎత్తకపోయినా అడిగేవాళ్ళు లేరని తెలిసి, ఆ రాత్రి ఆవిడకు తిండి సయించలేదట.

డిసెంబరులో ఒక పొద్దున్న గిన్నెలు తోమే తొట్టి దగ్గర నిలబడి ఉండగా కళ్ళు తిరిగాయి. తెలివొచ్చేసరికి నేల మీద ఉంది. నొప్పి ఎక్కడా లేదు. లేవడానికి భయమేసి కాసేపు అలాగే పడుకుని బల్ల అడుగు భాగాన్ని చూసింది. లెన్ ఎప్పుడో కొట్టిన మేకు ఒకటి అక్కడ వంకరగా కనిపించింది. ఇన్నేళ్ళలో ఆవిడ దాన్ని చూడలేదు. ఇప్పుడు తను లేవలేకపోతే ఎవరొస్తారు అని ఆలోచించింది. పోస్టుమాన్ గేటు దగ్గర పెట్టెలో వేసి పోతాడు. పాలు తనే దుకాణం నుంచి తెచ్చుకుంటుంది. దుప్పట్లు తెచ్చిచ్చే మనిషి ఈస్టర్ దాకా రాదు. బెరిల్‌కి వసంతం మీటింగుకు రాకపోతే గాని గుర్తురాదు. నా పేరు కూడా ఆ వరసలో వచ్చిందట. ‘మీరు చూసే ఉండేవారు. కానీ ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకునేవారు’ అంది నాతో, నిష్ఠూరం లేకుండా. నేను కాదనలేదు.

బల్ల కోడు పట్టుకుని మెల్లగా లేచింది. డాక్టరు రక్తం తక్కువగా ఉందని మాత్రలిచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మాత్రల కోసం ఊళ్ళోకి వెళ్ళేది. సందు మొదట్లో బస్సు షెల్టరు ఉంది. పొద్దుటి బస్సుకి అక్కడ కేర్‌హోమ్‌లో రాత్రి డ్యూటీ దిగిన పిల్ల ఒకతె ఎప్పుడూ ఉండేది. బూడిదరంగు కోటు, చేతిలో పొద్దుతిరుగుడు గింజల పొట్లం. రొమేనియా పిల్ల, పేరు డోయినా. మావాళ్ళు షెల్టర్లో ఒకరి పక్కన ఒకరు కూర్చున్నా మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదులుతారు. డోయినా అలా వదల్లేదు. పక్కకి జరిగి, పొట్లం ఈవిడ ముందు పెట్టింది.

“తినండి మేడమ్. బస్సు ఎలాగూ రాదు.”

“నాకు పళ్ళు సరిగా లేవు,” అంది ఏవ్రిల్.

“అయితే చేతిలో పట్టుకోండి. వెచ్చగా ఉంటాయి. హోమ్‌లో హీటర్ మీద పెట్టి తెచ్చాను.”

ఏవ్రిల్ గుప్పిట్లో పట్టుకుంది. నిజంగానే వెచ్చగా ఉన్నాయి.

అలా మూడు నాలుగుసార్లు కలిశారు. ఆ పిల్ల మావాళ్ళు ఎవరూ అడగని ప్రశ్నలు అడిగేది. మీ వయసెంత? మీ ఆయన ఎలా పోయాడు? మళ్ళీ ఎందుకు చేసుకోలేదు? ఏవ్రిల్‌కి మొదట చెవులు వేడెక్కేవి. తర్వాత, బస్సెక్కే లోపల ఇంకేం అడుగుతుందోనని ఎదురుచూసేది. డోయినా ఊళ్ళో ఒక గదిలో ఇంకో పిల్లతో కలిసి ఉంటోంది. మంచం ఒకటే. ఆ పిల్ల రాత్రి పడుకుంటుంది, డోయినా పగలు. సెలవు రోజు వస్తే ఇద్దరిలో ఒకరు కుర్చీలో కూర్చోవాలి.

“మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు మేడమ్?” అని అడిగింది ఒక రోజు.

“నేనే.”

“గదులెన్ని?”

“రెండు. వంటిల్లు, ముందు గది కాక.”

“రెండో గదిలో ఎవరు పడుకుంటారు?”

“ఎవరూ పడుకోరు. ఇస్త్రీ చేస్తాను.”

డోయినా గింజ పొట్టు ఊసింది. తర్వాత నవ్వింది. ఎగతాళిగా కాదు, నిజంగానే నవ్వొచ్చి.

“మీ దుప్పట్లు నా కంటే బాగా బతుకుతున్నాయి,” అంది.

బస్సు వచ్చింది. ఏవ్రిల్ ఆ రోజు ఊళ్ళో పని ఏమిటో గుర్తురాక, దుకాణం అద్దం ముందు నిలబడిపోయింది. తిరుగు ప్రయాణంలో దారంతా వాన. ఇంటికొచ్చి ఇస్త్రీ బల్ల ఉన్న గది తలుపు తీసి, గుమ్మంలో నిలబడి చూసింది. కిటికీ పెద్దదే. కట్ట మీద నడిచేవాళ్ళు కనపడతారు.

ఈస్టర్‌కి ముందు వసంతం మీటింగు. అదే ఎండగది, అవే బిస్కెట్లు. వేసవి ఇళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు. డెస్మండ్ తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. పోయినసారి గందరగోళం మళ్ళీ రాకూడదని బెరిల్ ఈసారి సందు రూళ్ళన్నీ మొదటినుంచి చదివి వినిపించింది. కుక్కలు, కార్లు, దడులు, పొగ గొట్టాలు. ఇళ్ళు సొంత కాపురాలకే గాని గదులు విడిగా బయటివాళ్ళకు ఇవ్వకూడదు అన్నది చదివినప్పుడు కొంచెం ఆగింది. వేసవికి ఇల్లు మొత్తం ఇవ్వడం వేరు, అది కుటుంబాలు కనక అని వేసవి ఇళ్ళవాళ్ళ వైపు చూసి వివరించింది. పక్క సందులో ఎవరో కేర్‌హోమ్ పనివాళ్ళను పెట్టుకున్నారట, వేళ కాని వేళ రాకపోకలు, వంట వాసనలు, మనకెందుకు ఆ తలనొప్పి అంది. కొన్ని తలలు ఊగాయి. ఏవ్రిల్ ఒళ్ళో చేతులు పెట్టుకుని శ్రద్ధగా వింది.

గుంతల సంగతి వచ్చింది. గుంతలు ఉంటే కార్లు నెమ్మదిగా వస్తాయని పోయినసారి అన్నాయనే మళ్ళీ అన్నాడు. కంకర తెప్పించాలని తీర్మానించాం. టీ కప్పులు ఖాళీ అయ్యాయి. ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా అని బెరిల్ కళ్ళద్దాలు తీస్తూ అడిగింది. అది అడగడం ఆచారం. జవాబు ఉండకపోవడమూ ఆచారమే. కుర్చీలు అప్పటికే కదులుతున్నాయి.

ఏవ్రిల్ లేచింది. ఈసారి మెడ కందలేదు. కోటు గుండీలు పెట్టుకుంటూనే మాట్లాడింది.

“నా వెనక గది డోయినా అనే అమ్మాయికి ఇస్తున్నాను. కేర్‌హోమ్‌లో రాత్రిపూట పనిచేస్తుంది. శనివారం బస్సులో వస్తుంది. రూలు ఇప్పుడే విన్నాను బెరిల్. అడగడం లేదు, చెబుతున్నాను.”